ఫైలు తేదీ మార్చడం మోసం కాదు

పాత ఫైళ్ల తేదీలు మారుస్తుంటానని చెబితే చాలామంది అనుమానంగా చూస్తారు. దొంగ లెక్కలు రాసేవాళ్లకి తప్ప ఆ అవసరం ఇంకెవరికి ఉంటుందన్నది వాళ్ల సందేహం. కంప్యూటర్ రంగంలో పనిచేసేవాళ్లయితే ఇంకాస్త గట్టిగా అంటారు: సిస్టమ్ వేసిన తేదీని ముట్టుకోకూడదు, అది రికార్డు అని. నేను ఒప్పుకోను. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి ఇంకోదానికి, లేదా ఒకే సిస్టమ్ పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కి వెళ్లేటప్పుడు ఫైళ్ల తేదీలు మనం ముట్టుకోకుండానే చెడిపోతాయి. చెడిపోయిందని తెలిసి కూడా ఆ తేదీని అలాగే ఉంచితే ఫైలు మీద అబద్ధం ఉంచినట్టే. దాన్ని సరిచేసే హక్కు ఫైలు సొంతదారుడికి ఉంది. కొన్నిసార్లు అది బాధ్యత కూడా.

నా దగ్గర విండోస్ 98 కాలం నుంచి వస్తున్న ఫైళ్లున్నాయి. ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటే టైప్ చేసిన ఉత్తరాలు, తొలి డిజిటల్ కెమెరాతో తీసిన ఫొటోలు, లెక్కల షీట్లు. అవి ఎక్స్‌పీకి వచ్చాయి, విండోస్ 7కి వచ్చాయి, తర్వాత కొన్ని లినక్స్‌కి, కొన్ని మ్యాక్‌కి చేరాయి. ఓసారి హార్డ్‌డిస్క్ పాడైతే డేటా తీసిపెట్టమని ఒకచోట ఇచ్చాం. ఫైళ్లన్నీ క్షేమంగా వచ్చాయి. కానీ పదేళ్ల ఉత్తరాలూ ఒకే రోజు మధ్యాహ్నం రాసినట్టు చూపిస్తున్నాయి. ఫైల్లో ఒక్క అక్షరం పోలేదు కాబట్టి తమ పని పూర్తయినట్టేనని వాళ్లన్నారు. ఏ ఉత్తరం ముందు, ఏది తర్వాత అన్న వరస మొత్తం పోయింది. నా దృష్టిలో అది డేటా పోవడమే.

ఇలా ఎందుకు జరుగుతుందో అర్థం కావాలంటే డిస్కు మీద తేదీ ఎలా ఉంటుందో చూడాలి. అక్కడ 'ఫలానా నెల, ఫలానా రోజు' అని రాసి ఉండాల్సిన అవసరం లేదు. చాలా సిస్టమ్‌లలో ఏదో ఒక మొదటి రోజు నుంచి ఎంత సమయం గడిచిందో చెప్పే ఒక అంకె ఉంటుంది. ఆ మొదటి రోజు ఏదన్న విషయంలో ఏ రెండు కుటుంబాలూ ఒక మాట మీద లేవు. యునిక్స్, లినక్స్‌లకి అది 1970 జనవరి 1. విండోస్ ఎన్‌టీతో వచ్చిన, డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతికి 1601 జనవరి 1, అక్కడి నుంచి సెకనులో కోటో వంతు చొప్పున లెక్క. పాత మ్యాక్ డిస్కులకి 1904 జనవరి 1, సెకన్లలో. పాత డాస్ నుంచి వచ్చిన ఫ్యాట్ అనే పద్ధతి మాత్రం సంవత్సరం, నెల, రోజు, గంటలను విడివిడిగా కొన్ని బిట్లలో ఇరికించి రాస్తుంది. అందులో 1980కి ముందు తేదీ రాయడానికి చోటే లేదు. మార్పు సమయం కూడా రెండేసి సెకన్ల లెక్కలో ఉంటుంది కాబట్టి బేసి సెకను అందులో నిలవదు.

రెండు సెకన్ల తేడాకి ఇంత గొడవా అనిపించవచ్చు. కానీ బ్యాకప్ ప్రోగ్రామ్ తేదీలు పోల్చి చూసేటప్పుడు ఆ తేడా చాలు, మారని ఫైలు మారినట్టు అనిపించడానికి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు నుంచి ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌కి ఒకసారి కాపీ చేసి, మర్నాడు మళ్లీ సింక్ చేస్తే ఏమీ మారకపోయినా అన్నీ మళ్లీ కాపీ అవడం అందుకే. విండోస్‌లోని రోబోకాపీ అనే కాపీ కమాండ్‌కి రెండు సెకన్ల తేడాని పట్టించుకోవద్దని చెప్పే ఆప్షన్ ఉంది. ఫైళ్లు సింక్ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌లోనూ అలాంటిదే ఉంది. అలాంటి ఆప్షన్లు పెట్టాల్సి వచ్చిందంటేనే ఈ చిక్కు ఎంత మామూలో తెలుస్తుంది.

అసలు కష్టం సెకన్లతో కాదు, గంటలతో. ఎన్‌టీఎఫ్‌ఎస్, యునిక్స్ కుటుంబం అంతా సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో దాచి, చూపించేటప్పుడు మన టైమ్‌జోన్‌కి మారుస్తాయి. ఫ్యాట్ మాత్రం గోడ గడియారంలో ఎంత ఉంటే అంతే రాసుకుంటుంది. ఏ దేశపు గడియారం అన్నది ఎక్కడా రాయదు. అదే మెమరీ కార్డు వేరే టైమ్‌జోన్‌లో పెట్టుకున్న కంప్యూటర్‌లో పెడితే ఆ అంకెను అక్కడి సమయం అనుకుని చదువుతుంది. కార్డు మీద ఒక్క బిట్ కూడా మారదు, అయినా ఫొటో తీసిన క్షణం మాత్రం గంటల కొద్దీ జరిగిపోతుంది. తర్వాత వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌లో యూటీసీకి ఎంత తేడానో రాసుకునే చోటు పెట్టారు. అది మంచి నిర్ణయం. రాసే పరికరం ఆ చోటు నింపకపోతే మాత్రం ఉపయోగం లేదు.

వేసవిలో గడియారం ఒక గంట ముందుకి తిప్పే దేశాల్లో ఇంకో చిక్కు వచ్చింది. విండోస్ ఎక్స్‌పీ ఎక్స్‌ప్లోరర్ ఫైలు సమయం చూపించేటప్పుడు ఈరోజు అమల్లో ఉన్న తేడానే పాత తేదీలకి కూడా కలిపేది. అంటే జనవరిలో రాసిన ఫైలు జనవరిలో చూస్తే ఒక సమయం, జులైలో చూస్తే ఇంకో సమయం. విండోస్ 7 నుంచి ఎక్స్‌ప్లోరర్ ఆ ఫైలు రాసిన రోజున ఏ తేడా అమల్లో ఉందో దాన్ని లెక్కలోకి తీసుకుంది. దాంతో అదే డిస్కు, అదే ఫైలు, రెండు వెర్షన్లలో గంట తేడాతో కనిపించేది. రికార్డు అంటే ముట్టుకోకూడనిది అనేవాళ్లని నేను అడిగేది ఇదే: వీటిలో ఏది రికార్డు?

ఇక కాపీ సంగతి. ఎక్కువ తేదీలు పోయేది ఇక్కడే. విండోస్‌లో ఫైలు కాపీ చేస్తే 'డేట్ మాడిఫైడ్' పాతదే ఉంటుంది, 'డేట్ క్రియేటెడ్' మాత్రం ఈ నిమిషానిది అవుతుంది. అందుకే పుట్టకముందే మారిన ఫైళ్లు ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ వేలల్లో ఉంటాయి. మ్యాక్ ఫైండర్ రెండు తేదీలనూ కాపాడుతుంది. లినక్స్ టెర్మినల్‌లో సీపీ కమాండ్‌కి తేదీలు ఉంచమని ప్రత్యేకంగా చెప్పకపోతే మార్పు తేదీని కూడా తుడిచేసి ఇప్పటిది వేస్తుంది. రోబోకాపీ ఫైళ్ల తేదీలు జాగ్రత్తగా మోస్తుంది, ఫోల్డర్ల తేదీలు మాత్రం అడిగితేనే మోస్తుంది. జిప్ ఫైల్లో మామూలుగా ఉండేది ఫ్యాట్ తరహా స్థానిక సమయం. దాని పక్కన యూటీసీ సమయాన్ని అదనంగా రాసే పద్ధతి ఉన్నా అన్ని ప్రోగ్రామ్‌లూ రాయవు, రాసినవాటిని అన్నీ చదవవు.

క్రియేషన్ తేదీ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా నమ్మేది దాన్నే. విండోస్‌లో ఒక ఫైలు చెరిపి పదిహేను సెకన్ల లోపు అదే ఫోల్డర్‌లో అదే పేరుతో కొత్త ఫైలు చేస్తే, కొత్తదానికి పాతదాని క్రియేషన్ తేదీ వస్తుంది. ఇది పొరపాటు కాదు, కావాలని పెట్టిందే. చాలా ప్రోగ్రామ్‌లు సేవ్ చేసేటప్పుడు తాత్కాలిక ఫైలు రాసి, పాతది తీసేసి, కొత్తదానికి పాత పేరు పెడతాయి. అలా చేసిన ప్రతిసారీ క్రియేషన్ తేదీ మారకూడదని ఈ ఏర్పాటు. మ్యాక్‌లో ఫైలు తేదీలు మార్చే టచ్ కమాండ్‌తో మార్పు తేదీని క్రియేషన్ తేదీ కంటే వెనక్కి పెడితే, క్రియేషన్ తేదీ కూడా దానితో పాటు వెనక్కి జరుగుతుంది. యునిక్స్ కుటుంబానికే చెందిన ఫ్రీబీఎస్‌డీలోనూ అదే పద్ధతి. లినక్స్ డిస్కు పద్ధతి ఈఎక్స్‌టీ4 ఫైలు పుట్టిన సమయం రాసుకుంటుంది కానీ దాన్ని మామూలు ప్రోగ్రామ్‌లకి చూపించే స్టాట్‌ఎక్స్ అనే సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని పని అడిగే పద్ధతి) 2017లో, లినక్స్ కెర్నల్ 4.11తో గానీ రాలేదు. మార్చడానికి అలాంటి కాల్ ఇప్పటికీ లేదు. ఒకే పేరున్న తేదీ మూడు చోట్ల మూడు రకాలుగా నడుస్తున్నప్పుడు దాన్ని చూపించి 'ఈ ఫైలు ఫలానా రోజు పుట్టింది' అని ఎవరైనా వాదిస్తే నేను ఒప్పుకోలేను.

ఆఖరిగా చదివిన సమయం గురించి ఎక్కువ చెప్పను. చదివిన ప్రతిసారీ డిస్కు మీద రాయడం దండగ అని అందరికీ అర్థమైంది. విస్టాలో దాన్ని ముందే ఆపేసి ఇచ్చారు. లినక్స్‌లో 2009 నుంచి అవసరమైనప్పుడు మాత్రమే రాసే పద్ధతి మామూలైంది. ఆ తేదీ మీద ఎవరూ ఆధారపడకపోవడమే మంచిది.

ఇప్పుడు నా అసలు వాదనకి వస్తాను. యునిక్స్‌ని తయారుచేసినవాళ్లు ఈ విషయంలో చాలా ముందుగానే సరైన దారి పట్టారు. 1979 నాటి ఏడో ఎడిషన్‌లోనే ఫైలు మార్పు సమయాన్ని, చదివిన సమయాన్ని మార్చే యూటైమ్ అనే కాల్ ఉంది. టచ్ కమాండ్ కూడా ఆ ఎడిషన్‌లోనే వచ్చింది. టేపు మీద దాచిన ఫైళ్లను తిరిగి డిస్కు మీద పెట్టేటప్పుడు వాటి పాత తేదీలు వాటికి ఇవ్వగలగాలి కదా. అంటే తేదీ పెట్టుకునే వీలు మొదటి నుంచీ మామూలు పనిముట్టే. అదే సమయంలో ఇంకో సమయాన్ని, సీటైమ్‌ని, వాళ్లు ఎవరి చేతికీ ఇవ్వలేదు. దీన్ని చాలామంది ఫైలు పుట్టిన సమయం అనుకుంటారు, కానీ అది ఫైలు వివరాల్లో ఆఖరి మార్పు ఎప్పుడు జరిగిందో చెప్పే సమయం. మీరు టచ్‌తో మార్పు తేదీని 2003కి పెట్టండి, సీటైమ్ మాత్రం ఈ క్షణానికి వస్తుంది. మార్చామన్న సంగతి అక్కడే పడి ఉంటుంది.

ఈ విభజన నాకు చాలా నచ్చుతుంది. మార్పు సమయం సొంతదారుడి మాట: ఈ విషయం నేను ఫలానా రోజున రాశాను అని. సీటైమ్ యంత్రం మాట: ఈ ఫైలు వివరాలు ఇక్కడ ఫలానా రోజున మారాయి అని. ఒకటి ఇంకోదాని నోరు నొక్కదు. మొదటిదాన్ని స్వేచ్ఛగా సరిదిద్దుకోవచ్చు, ఎందుకంటే రెండోది చెక్కుచెదరకుండా ఉంది.

ఎన్‌టీఎఫ్‌ఎస్‌లోనూ ఇలాంటి నాలుగో సమయం ఉంది. ఎక్స్‌ప్లోరర్ ప్రాపర్టీస్‌లో మూడే చూపిస్తుంది, ఆ నాలుగోది కనిపించదు. నా ఫిర్యాదు అది కనిపించదని కాదు. తేదీలు మార్చే మామూలు పద్ధతులు దాన్ని ముట్టుకోకపోయినా, ప్రోగ్రామ్ తలచుకుంటే దాన్ని కూడా కావలసినట్టు రాయగలదు. యంత్రం మాటకి యంత్రమే కాపలా ఉండాలి కదా. చివరికి డిజిటల్ నేర పరిశోధకులు ఫైలు పేరుతో పాటు వేరే చోట రాసి ఉండే ఇంకో నాలుగు సమయాలతో పోల్చి చూసుకోవాల్సి వస్తోంది. వాటిని మార్చడం కొంచెం కష్టం కాబట్టి ఆ పోలిక చాలాసార్లు పట్టిస్తుంది. దాడి చేసేవాళ్లు తమ ప్రోగ్రామ్‌ల తేదీలు మార్చి పాత సిస్టమ్ ఫైళ్ల మధ్య కలిపేయడాన్ని సైబర్ భద్రత మీద పనిచేసే మైటర్ సంస్థ తన దాడుల పట్టికలో టైమ్‌స్టోంప్ అనే పేరుతో విడిగా చేర్చింది కూడా.

అంటే మోసం ఉంది, కాదనను. ఆఫీసులో విచారణ జరుగుతున్న ఫైలు తేదీ ముట్టుకోవడం నేరమే. కానీ ఆ మోసాన్ని చూపించి అందరూ తేదీలకి దూరంగా ఉండాలంటే కుదరదు. ఫైలు తేదీ ఏనాడూ సాక్ష్యంగా నిలిచేంత గట్టిది కాదు. సిస్టమ్ గడియారం వెనక్కి తిప్పి ఫైలు సేవ్ చేస్తే సీటైమ్ కూడా ఆ అబద్ధాన్నే రాసుకుంటుంది. ఒక పత్రం ఫలానా రోజుకి ఉందని నిరూపించాలంటే దాని హ్యాష్‌ని, అంటే లోపలి విషయం నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి అంకెని, నమ్మకమైన మూడో పక్షంతో సంతకం చేయించుకునే పద్ధతి ఉంది. 2001లోనే ఆర్‌ఎఫ్‌సీ 3161 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దాన్ని వివరించింది. సాక్ష్యం కావలసినవాళ్లు అది వాడాలి. రుజువుల పని ఫైలు తేదీ నెత్తిన పెట్టి, ఆ వంకతో నా ఉత్తరాల వరస పోయినా ముట్టుకోవద్దంటే ఎలా?

దీనికంటే బలమైన అభ్యంతరం ప్రోగ్రామర్ల దగ్గర్నుంచి వస్తుంది. స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో బెల్ ల్యాబ్స్‌లో రాసిన మేక్ ప్రోగ్రామ్ నుంచి నేటి దాకా ఎన్నో పనిముట్లు మార్పు సమయం మీదే నడుస్తాయి. సోర్స్ ఫైలు (ప్రోగ్రామర్ రాసిన కోడ్) దాన్నుంచి తయారైన ఫైలు కంటే కొత్తదైతే మళ్లీ కంపైల్ చేయాలి, అంటే కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చాలి; కాకపోతే అక్కర్లేదు. ఇక్కడ సోర్స్ తేదీ వెనక్కి పెడితే మారిన కోడ్ కంపైల్ కాకుండా మిగిలిపోతుంది. ముందుకి పెడితే గడియారం తేడాగా ఉందని మేక్ హెచ్చరిస్తుంది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అయితే అసలు ఫైళ్ల తేదీలు దాచుకోదు, చెకౌట్ చేసినప్పుడు (ఒక వెర్షన్‌ని డిస్కు మీదికి తెచ్చినప్పుడు) రాసిన ఫైళ్లకి ఆ క్షణమే తేదీ. మొదట్లో నాకిది నచ్చలేదు. ఆలోచిస్తే గిట్ చేసేది సరైనదే. పాత బ్రాంచికి, అంటే కోడ్ పాత రూపానికి వెళ్లినప్పుడు ఫైలుకి పాత తేదీ ఇస్తే, మేక్ దాన్ని చూసి ఏమీ మారలేదనుకుంటుంది. ఆర్‌సింక్ కూడా మామూలుగా సైజు, తేదీ రెండే చూస్తుంది. లోపల మారినా ఆ రెండూ అలాగే ఉంటే వదిలేస్తుంది.

ఇక్కడ అసలు ముడి ఏమిటంటే, మార్పు సమయం ఒక్కటే అయినా దానితో రెండు పనులు చేయిస్తున్నాం. ఈ విషయం ఎప్పుడు రాశారన్నది ఒకటి. ఈ డిస్కు మీద, ఈ చోట ఎప్పుడు మారిందన్నది ఇంకొకటి. కంపైల్ చేసే పనిముట్లకి కావలసింది రెండోది. ఉత్తరాలు, ఫొటోలు దాచుకునే మనిషికి కావలసింది మొదటిది. కాబట్టి నేను గీసుకున్న గీత ఇది: పనిముట్లు చదివే ఫోల్డర్‌లో తేదీలు ముట్టుకోను, మనుషులు చదివే ఫోల్డర్‌లో సరిచేస్తాను. కొత్త పనిముట్లు కొన్ని తేదీని వదిలి లోపలి విషయం మీదికి వెళ్తున్నాయి. పైథాన్ 3.7లో కంపైల్ అయిన ఫైలు తాజాదో కాదో హ్యాష్‌తో చూసుకునే వీలు వచ్చింది. అలాంటివి పెరిగేకొద్దీ మార్పు సమయం మీద ఈ రెండో బరువు తగ్గుతుంది.

సరిచేయడం అంటే ఇష్టమొచ్చిన తేదీ పెట్టడం కాదు. ఆ ఫైలుకి ఒకప్పుడు నిజంగా ఉన్న తేదీకి ఆధారం ఉంటేనే పెడతాను. ఫొటోల విషయంలో ఆధారం లోపలే ఉంటుంది. కెమెరా రాసిన ఎక్సిఫ్ వివరాల నుంచి తీసిన సమయాన్ని ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఫైలు తేదీగా పెట్టగలదు. వేలాది ఫొటోలకి ఒక్క కమాండ్ చాలు. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో మాత్రం ముందు చూసుకోవాలి. వర్డ్ డాక్యుమెంట్లలో కూడా రాసిన తేదీ, ఆఖరిగా సేవ్ చేసిన తేదీ లోపల ఉంటాయి. మా ఉత్తరాల్లో ఎక్కువ భాగం అలా దొరికాయి. మామూలు టెక్స్ట్ ఫైళ్లకి పాత జిప్ బ్యాకప్‌లోని జాబితా పనికొచ్చింది. ఏ ఆధారమూ దొరకనివి అలాగే వదిలేశాను.

స్కాన్ చేసిన పాత కాగితాలకి ఫైలు తేదీగా కాగితం మీది తేదీ పెట్టాలని కొందరికి ఉంటుంది. నేను వద్దంటాను. 1962 నాటి ఉత్తరాన్ని 2012లో స్కాన్ చేస్తే ఆ ఫైలు 2012దే. పైగా ఎన్‌టీఎఫ్‌ఎస్, ఈఎక్స్‌టీ4 ఆ పాత తేదీని భరిస్తాయి కానీ పెన్‌డ్రైవ్‌లోని ఫ్యాట్ భరించదు. కాగితం తేదీ ఫైలు పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు వరసలో రాస్తే ఏ సిస్టమ్‌లోనైనా నిలుస్తుంది, పేర్ల వరసే తేదీల వరస అవుతుంది.

పనిముట్ల విషయంలో లినక్స్, మ్యాక్ వాళ్లకి టచ్ ఉంది. విండోస్‌లో అలాంటి కమాండ్ ఎప్పుడూ లేదు. డాస్ కాలపు కాపీ కమాండ్‌తో ఒక చిట్కా ఉండేది, అదీ ఇప్పటి సమయం వేయడానికే. పవర్‌షెల్ అనే కమాండ్ల ప్రోగ్రామ్ వచ్చాక మూడు తేదీల్లో ఏదైనా ఒక వాక్యంతో పెట్టవచ్చు, అదనపు ప్రోగ్రామ్ అక్కర్లేదు. ఫోల్డర్ తేదీలు మాత్రం ఆఖర్న పెట్టాలి. లోపల కొత్త ఫైలు పడినప్పుడల్లా ఫోల్డర్ తేదీ మారుతుంది కాబట్టి ముందు పెడితే శ్రమ వృథా. అంతకంటే ముఖ్యం, సిస్టమ్ మార్చే ముందు అన్ని ఫైళ్ల పేర్లు, తేదీలు ఒక టెక్స్ట్ ఫైల్లోకి తీసి పెట్టుకోవడం. నేను ఆ జాబితాని యూటీసీలో తీస్తాను. తేదీ మార్చిన ప్రతిసారీ పాతది ఏమిటి, కొత్తది ఏమిటి, ఏ ఆధారంతో మార్చానన్నది కూడా అందులోనే రాస్తాను. దాచిపెట్టి చేసే పని కాదు కాబట్టే దీన్ని మోసం అంటే నాకు బాధగా ఉంటుంది.

మరో గడువు కూడా దగ్గరపడుతోంది. పాత యునిక్స్ పద్ధతిలో సమయానికి 32 బిట్లే ఉన్న చోట 2038 జనవరి 19తో అంకె నిండిపోతుంది. ఈఎక్స్‌టీ4 ఎక్కువ చోటుతో 2446 దాకా లాగుతుంది, కానీ పాత ఈఎక్స్‌టీ3 డిస్కులకి, చిన్న ఐనోడ్‌లతో (ఫైలు వివరాలు రాసుకునే గళ్లతో) తయారైనవాటికి ఆ వీలు లేదు. వాటిని ఎప్పుడో ఒకప్పుడు కొత్త డిస్కులకి మార్చక తప్పదు. అంటే ఇంకో పెద్ద వలస, ఇంకోసారి తేదీలు పోయే అవకాశం.

అప్పటికైనా కొన్ని మారాలి. విండోస్‌లో మామూలుగా కాపీ చేస్తే క్రియేషన్ తేదీ కూడా ఫైలుతో పాటు వెళ్లాలి. లినక్స్‌లో పుట్టిన సమయాన్ని పెట్టే కాల్ ఇవ్వాలి. అది యంత్రం రాసిన నిజం కాబట్టి మార్చనివ్వకూడదని కొందరి వాదన. కానీ మ్యాక్, విండోస్ నుంచి వచ్చిన ఫైలుకి లినక్స్ రాసే పుట్టిన సమయం ఆ డిస్కు మీద చోటు దొరికిన సమయం మాత్రమే. విండోస్ వాడేవాళ్లకి ఫైళ్లు పంచే సాంబా ఈ లోటు తట్టుకోలేక క్రియేషన్ తేదీని ఫైలుకి అదనపు వివరంగా విడిగా రాసుకుంటోంది. కాల్ ఇచ్చినా సీటైమ్ ఎలాగూ యంత్రం చేతిలోనే ఉంటుంది, తేదీ మార్చిన క్షణం అక్కడ రాసే ఉంటుంది.